బావగారి ముక్కు, నా బీరు

టూవూంబా
2 మార్చి 2025

బావగారికి,

లేదట. నాలుగోసారి అడిగాను, నాలుగోసారి కూడా లేదట. దుకాణం నిండా ఏభై రకాల హాప్స్ పెట్టుకుని, నాక్కావలసిన ఆ ఒక్కటీ లేదని చెప్పడానికి ఆ వేన్ గాడికి మొహమాటం కూడా లేదు. గెలాక్సీ లేకపోతే ఏమయింది మేట్, ఇంకోటి వేసుకో అంటాడు. గోంగూర దొరక్కపోతే పాలకూరతో గోంగూర పచ్చడి చేసుకోమన్నట్టుంది.

కోపంలో నమస్కారం మర్చిపోయాను. నమస్కారం. మేం బాగున్నాం. చాముండికి ఈ వారమంతా హాస్పిటల్లో పొద్దున డ్యూటీ. నేనూ అదే హాస్పిటల్లో బాయిలర్లకి డ్యూటీ. ఆవిడ మనుషుల జ్వరం చూస్తుంది, నేను నీళ్ళ జ్వరం చూస్తాను.

అక్క పోయినవారం చాముండికి ఫోన్ చేసి అంతా చెప్పింది. నవంబరులో వచ్చిన జ్వరం పోతూ పోతూ మీ ముక్కుని కూడా పట్టుకుపోయిందట. నాలుగు నెలలయినా ఏ వాసనా తెలియట్లేదట. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టుకోవట్లేదనీ తొమ్మిది కిలోలు తగ్గారనీ చెప్పి ఏడ్చింది. స్టవ్ మీద పాలు మాడి గిన్నె నల్లబడుతుంటే మీరు పక్కనే కూచుని పేపరు చదువుకుంటున్నారట. డాక్టరేమో బాగా తెలిసిన వాసనలయితే ముక్కుకి తొందరగా గుర్తొస్తాయని చెప్పి, లవంగం, నిమ్మకాయ, గులాబీ పొద్దునా సాయంత్రం వాసన చూడమన్నాడట. మీకూ గులాబీకీ ఏం పరిచయం? అక్కకి కూడా ఒక్కటి కొనిచ్చినట్టు నాకు గుర్తులేదు.

మీ ముక్కుకి బాగా తెలిసినదేమిటో నాకు తెలుసు. మేం ఈ దేశం వచ్చిన కొత్తలో, చాముండికి నర్సు ఉద్యోగం ఖాయమయ్యేదాకా, ఎనిమిది నెలలు మీ ఇంట్లోనే ఉన్నాం కదా. శనివారం వస్తే ఓల్డ్ ఫెన్స్ బీరు. నేను వంటింట్లో మూత తీస్తే చాలు, వెనక వరండాలోంచి "ఒక్కడివే కానిచ్చేస్తున్నావా మురళీ" అనేవారు. శబ్దం విని అంటున్నారేమోనని ఒకసారి టవలు చుట్టి తీశాను. అయినా పట్టేశారు.

ఆ కంపెనీ రెండేళ్ళ కిందట ఓల్డ్ ఫెన్స్ ఆపేసింది. అందుకని మా గరాజ్‌లో నేనే దిగాను. అచ్చం అదే చేసి మీ ముక్కు ముందు పెడతాను. ఇంటర్నెట్‌లో దాని నకలు ఎలా చెయ్యాలో ఎవడో పుణ్యాత్ముడు రాసిపెట్టాడు. హాప్స్ అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వు. దాన్ని ఎండబెట్టి, పొడికొట్టి, కుందేళ్ళ మేతలాగా గుళికలు చేసి అమ్ముతారు. ఓల్డ్ ఫెన్స్‌లో వేసేది గెలాక్సీ రకం. అది లేదు కాబట్టి వేన్ మాట విని కాస్కేడ్ అనేది వేశాను. ఈ పెట్టెలో డజను సీసాలున్నాయి, టేపు మీద పేరు రాశాను.

వంశీధర్ తెలుసుగా, మా వీధి చివర లారీ కుర్రాడు, మీ ట్రుగనీనా గోడౌన్లకి సరుకు తోలుతుంటాడు. పెట్టె అతనే తెస్తాడు. ఖాళీ సీసాలూ జవాబూ అతనికే ఇవ్వండి. ఫోన్ చెయ్యొచ్చుగా అంటారేమో. మీ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది, నేను బీరు అనగానే అక్క బీపీ అంటుంది.

నిజం రాయండి. వాసన వస్తే వచ్చిందని, రాకపోతే రాలేదని.

మీ బావమరిది,
బాలమురళి

---

ట్రుగనీనా
16 మార్చి 2025

చిరంజీవి మురళికి,

పెట్టె క్షేమంగా చేరింది. ఒక్క సీసా కూడా పగల్లేదు. వంశీధర్‌కి అక్క భోజనం పెట్టి పంపింది. అతను మూడుసార్లు వడ్డించుకోవడం చూసి ఆవిడకి చాలా రోజుల తర్వాత ప్రాణం లేచొచ్చింది.

నువ్వింత శ్రమ తీసుకున్నందుకు ఏమనాలో తెలియడం లేదు. నిన్న సాయంత్రం ఒక సీసా తీశాను. బాగుంది. మూత తీయగానే పంపరపనస తొక్క వాసన, వెనకాల ఏదో పూల పరిమళం స్పష్టంగా తెలిశాయి. చేదు మాత్రం ఓల్డ్ ఫెన్స్‌కి ఉండవలసినంత లేదు, కొంచెం తీపి వైపు మొగ్గింది. అది తప్పని కాదు. బాగుంది.

ఈ ఉత్తరం మూసేముందు అక్క చదివింది. పంపరపనస దగ్గర ఆగి, రెండోసారి పైకి చదివింది. కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళి వంకాయ కూర మొదలుపెట్టింది. ఆ కూరతో నేను కూడా నాలుగు ముద్దలు తిన్నాను.

చెల్లెమ్మకి కారప్పొడి పంపుతున్నాం. నీకు కాదు.

ఆశీస్సులతో,
కేశవరావు

---

టూవూంబా
27 ఏప్రిల్ 2025

బావగారికి,

మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. చాముండి చదివింది. మా నీలిమ తెలుగు చదవలేదు కాబట్టి దానికి చదివి వినిపించాను. 'దట్స్ అమేజింగ్ నాన్నా' అని యూనివర్సిటీకి వెళ్ళిపోయింది. వేన్‌కి కూడా చెప్పాను. మా బావగారికి మొదటి సీసాకే ముక్కు తెరుచుకుందంటే, కౌంటరు మీదుగా చెయ్యి చాపి షేక్ హ్యాండ్ ఇచ్చాడు. వాడి మీద నా కోపం సగం పోయింది.

చేదు తక్కువని రాశారు. అది నా తెలివి. ఇంటర్నెట్ నుంచి రాసుకున్న కాయితంలో గెలాక్సీ పాతిక గ్రాములని ఉంటే కాస్కేడ్ కూడా పాతికే వేశాను. ప్యాకెట్ వెనక చూసుకోవాలట. గెలాక్సీ చేదు పద్నాలుగు పాళ్ళయితే కాస్కేడ్‌ది ఆరు. మిరపకాయలు లేవని అన్నే బజ్జీ మిరపకాయలు వేసి, కారం ఏదిరా అని వెతుక్కున్నట్టయింది.

గెలాక్సీ ఈసారి కూడా రాలేదు. పంట తక్కువట. అందుకని సిట్రా వేశాను. దీని చేదు పన్నెండు, లెక్క రెండుసార్లు కట్టాను. ఇంకో సంగతి కూడా తెలిసింది. చేదు కోసం వేసేది మొదట్లో వేసి గంట మరిగించాలి, వాసన కోసం వేసేది మంట ఆర్పాక వెయ్యాలి. నేను అంతా మొదట్లోనే పడెయ్యబోతుంటే చాముండి గరాజ్‌లోకి వచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, రసంలో కొత్తిమీర ఎప్పుడేస్తారండీ అనడిగింది. నేను డబ్బా కింద పెట్టేశాను.

ఆవిడతో ఇంకో పేచీ ఉంది. హాప్స్ ఫ్రీజర్‌లో ఉండాలి. బ్రిస్బేన్ నుంచి మునగాకు, కొబ్బరి కోరు తెచ్చి, చోటు లేదని నా సగం వాడిన కాస్కేడ్ ప్యాకెట్ తీసి ఎక్కడో పెట్టింది. ఎక్కడంటే కనపడుతుందిలే అంటుంది. మా ఇంట్లో ఏదీ పోదు, కనపడదు అంతే.

డజను సీసాలు పంపుతున్నాను. అన్నిటి మీదా సిట్రా అని రాశాను.

మీ
మురళి

---

ట్రుగనీనా
11 మే 2025

చిరంజీవి మురళికి,

సిట్రా అందింది. ఇది మొదటిదానికంటే మెరుగు. మామిడిపండు వాసన బాగా తెలిసింది, కొంచెం లీచీ కూడా ఉంది. పంపరపనస ఛాయలు ఈసారి లేవు. చేదు మాత్రం ఎందుకో పోయినసారి ఉన్నట్టే ఉంది, నీ లెక్క మళ్ళీ చూసుకో.

మామిడిపండు అని విన్న దగ్గర్నుంచి అక్క ఆగలేదు. ఇండియన్ షాపులో పండ్ల పెట్టె కొనుక్కొచ్చింది. నేను తింటుంటే ఎదురుగా కూచుని నా మొహమే చూసింది. రెండు పండ్లు తిన్నాను. బరువు కిలోన్నర పెరిగాను. కాన్‌బెర్రా దగ్గర హారిసన్‌లో ఉన్న మా అపూర్వకి కూడా ఫోన్ చేసి, నాన్నకి నయమయిందని చెప్పింది. అపూర్వ వచ్చే నెల వస్తానంటోంది.

నువ్వు ఇంత కష్టపడనక్కర్లేదు. చాలా బాగుంది.

కేశవరావు

---

టూవూంబా
18 మే 2025

బావగారికి,

ఈ ఉత్తరం మీ చేతికే ఇవ్వమని వంశీధర్‌తో ఒట్టు వేయించుకున్నాను.

నిన్న గరాజ్ సర్దుతుంటే వెనక అరలో ఒక డజను కనపడింది. సిట్రా. టేపు మీద కాస్కేడ్ అని ఉంది, మూత తీసి చూస్తే మాత్రం సిట్రాయే, మామిడితోట అంతా సీసాలోంచి బయటికొచ్చింది. మరి మీకు పంపింది ఏమిటని కూచుని ఆలోచించాను. రెండు రకాల సీసాలూ ఒకే బల్ల మీద పెట్టి, ఫుట్‌బాల్ చూస్తూ టేపులు అంటించాను. మీకు వెళ్ళింది మొదటి కాస్కేడే, మిగిలిన డజను. అందుకే చేదు పోయినసారి ఉన్నట్టే ఉంది. ఆ మాట సరిగ్గా పట్టారు.

మరి మామిడిపండు ఎక్కడిది బావగారూ?

నాకు బుర్ర తిరుగుతోంది. లారీలో కదిలినందువల్ల మారిందా అని వేన్‌ని అడిగాను, నవ్వాడు. ముక్కు కొత్తగా తెరుచుకుంటే వాసనలు తారుమారవుతాయా అని చాముండిని అడిగాను, అవొచ్చు అంది. కాని తారుమారైన ముక్కుకి సరిగ్గా టేపు మీదున్న పేరు వాసనే ఎలా వస్తుంది? లీచీ అని కూడా రాశారు. నేను అరగంట వెతికితే సిట్రా అమ్మేవాళ్ళ పేజీలో అదే వరసలో దొరికింది. మామిడి, తర్వాత లీచీ. కాస్కేడ్‌కి వెళ్ళి చూశాను. పంపరపనస, తర్వాత పూలు.

నేను పదో తరగతి, మీరు ఇంజనీరు. నిజమే. వాడేదో చేసి పంపుతున్నాడు, నాలుగు మంచి మాటలు రాస్తే సంతోషిస్తాడులే అనుకున్నారా? పదహారేళ్ళ కిందట మీ ఇంట్లో ఉన్నప్పుడు నాకు ఇంగ్లీషు రాదని మీరు ఒక్కరోజు కూడా తక్కువ చెయ్యలేదు. ఇప్పుడు చేశారు.

కోపంగా రాయలేదు. రాసేవరకూ కోపమని తెలియలేదు.

మురళి

---

ట్రుగనీనా
1 జూన్ 2025

మురళీ,

ఈ ఉత్తరం అక్క చూడలేదు. చూడకూడదు.

నాకు ఏ వాసనా రాలేదు. మొదటి సీసాకీ రాలేదు, రెండోదానికీ రాలేదు. నాలుక పనిచేస్తుంది కాబట్టి చేదు, తీపి, ఉప్పు తెలుస్తాయి. చేదు తక్కువన్న ఆ ఒక్క మాటే నా సొంతం. మిగతాదంతా నువ్వు కనిపెట్టినట్టే, అమ్మేవాళ్ళ పేజీల్లోంచి రాశాను.

నిన్ను తక్కువ చేద్దామని కాదు. మీ ఇంటి నుంచి వచ్చినదాన్ని బాగాలేదని ముప్పై ఏళ్ళలో ఎప్పుడైనా అన్నానా? మీ అమ్మగారు పెళ్ళయిన మొదటి ఏడాది పులిహోరలో ఉప్పు రెండుసార్లు వేసినప్పుడు కూడా మారు అడిగి వేయించుకున్నాను. అల్లుడికి నేర్పించే మర్యాద అది, వయసొచ్చినా పోలేదు. బాగుంది అని రాశాక, ఏం బాగుందో రాయకపోతే ఎలా అనిపించింది. అంతే, అక్కణ్ణుంచి జారాను.

అక్క అది చదివి ఎలా లేచిందో నీకు రాశాను. నాలుగు నెలలుగా ఆ మనిషి నా పళ్ళెం వంక చూసి, తన పళ్ళెం కూడా పక్కకి జరిపేసేది. పంపరపనస అన్న ఒక్క మాటకి కత్తిపీట తీసింది. ఇప్పుడు కాదని ఎలా చెప్పను? ఆవిడ ఎదురుగా కూచుంటే తింటున్నాను. ఏం తిన్నా తడిపిన అట్టముక్కే. ఉప్పగా ఒక అట్టముక్క, పుల్లగా ఒకటి. అపూర్వ వస్తే ఉన్న రెండు రోజులూ నటించాలి.

స్పెషలిస్టు మొన్న నిజం చెప్పాడు. ఏడాది లోపల రావాలి, నెలలు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుంది అన్నాడు. ఏడు నెలలయింది.

ఇక పంపకు. నువ్వు ఎంత దగ్గరగా చేసినా నాకు తేడా తెలియదు. నీ శ్రమ పాడుచేస్తున్నానన్న బాధ ఒకటి అదనం.

కేశవరావు

---

టూవూంబా
20 జులై 2025

బావగారికి,

పంపొద్దన్నారు. పంపుతున్నాను. మీరు చెప్పినమాట నేనెప్పుడు విన్నాను గనక.

పోయిన ఉత్తరంలో నేను రాసిన చివరి రెండు పేరాలూ లేవనుకోండి. పులిహోర సంగతి చదివి నేనూ చాముండీ చాలాసేపు నవ్వాం. అమ్మ ఆ రోజు మీరు మారు వేయించుకున్నారని ఊరంతా చెప్పుకుంది. మీ మర్యాద వల్ల మాకు ఇంకో ఆరేళ్ళు అదే ఉప్పు తప్పలేదు.

అక్కకి నేను చెప్పలేదు. ఫోన్ చేస్తే నా గొంతు విని కనిపెట్టేస్తుందని జలుబు వంక పెట్టాను. తర్వాత నిజంగానే జలుబు పట్టుకుంది. ఇక్కడ చలి ఈసారి ఎక్కువగా ఉంది, పొద్దున గడ్డి తెల్లగా ఉంటోంది. నెలరోజుల నుంచి నా ముక్కు కూడా మీ ముక్కే.

ఇప్పుడు అసలు సంగతి. గెలాక్సీ వచ్చింది. వేన్ నాకోసం ఒక ప్యాకెట్ దాచి, కౌంటరు కిందనుంచి తీసిచ్చాడు. ఒక్కటే ఇచ్చాడు, కాయితం ప్రకారం ఒకటిన్నర కావాలి. మిగతా సగానికి ఏం వెయ్యాలా అని చూస్తుంటే పోయిన కాస్కేడ్ దొరికింది. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అలమరలో, తువ్వాళ్ళ వెనక. ఫ్రీజర్‌లోంచి తీసింది ఎక్కడ పెట్టాలో తెలియక పొడిగా ఉంటుందని అక్కడ పెట్టిందట. మూడు నెలలు అక్కడే వెచ్చగా కూచుంది. రంగు కొంచెం పసుపు తిరిగింది. వాసన చూద్దామంటే ముక్కు లేదు. చేదు లెక్క కట్టి, మంట ఆర్పాక రెండూ కలిపి వేసేశాను.

సీసాల మీద ఏమీ రాయలేదు. ఎక్కడా వెతకడానికి మీకు పేరు ఉండదు. ఈసారి బాగుంది అన్న మాట వద్దు. మనింట్లో పెట్టింది కాదనుకోండి, ఏదో దారిన పోయేవాడు ఇచ్చాడనుకోండి. ఏమీ రాకపోతే, రాలేదు అని ఒక్క ముక్క రాసి పంపండి. తర్వాత ఇంకోటి చేస్తాను. ఏడాదికి ఇంకా నాలుగు నెలలుంది. నాలుగు నెలలంటే మూడు పీపాలు.

మీ
మురళి

---

ట్రుగనీనా
3 ఆగస్టు 2025

మురళీ,

ఏం వేశావురా అందులో?

ముప్పై ఏళ్ళ మర్యాదా ఈ ఉత్తరంతో సరి. వంశీధర్ శనివారం మధ్యాహ్నం పెట్టె ఇచ్చి వెళ్ళాడు. వంటింట్లో నిలబడి ఒకటి తీశాను. క్రికెట్ ఆడి వచ్చిన మేజోళ్ళు వారం రోజులు సంచిలో పెట్టి, దాంట్లో ముక్కిపోయిన వెన్న రాసినట్టుంది. గ్లాసులో పొయ్యకుండానే సింకులో పారబోశాను. నీళ్ళు వదిలాను. సింకంతా అదే. కిటికీ తెరిచి, నిన్ను తిట్టుకుంటూ, హాల్లో ఉన్న అక్కని పిలిచి "వసూ, మీ తమ్ముడి కంపు ఒకసారి వచ్చి చూడు" అన్నాను.

అక్క వచ్చింది. గుమ్మంలోనే ఆగి ముక్కు మూసుకుంది. తర్వాత చెయ్యి తీసేసి నా వంక చూసింది.

"మీకెలా తెలిసింది?" అంది.

నేను ఇంకా నిన్ను తిట్టడం ఆపలేదు. ఆవిడ రెండోసారి అడిగాక ఆపాను.

ఆ తర్వాత కాసేపు ఏం జరిగిందో నేను రాయను. ఇద్దరం వంటింటి నేల మీద కూచున్నాం అని మాత్రం రాస్తాను. సింకులోంచి ఆ కంపు వస్తూనే ఉంది. ఎవరం లేచి వెళ్ళలేదు.

కాసేపటికి నేను నిజం చెప్పేశాను. పంపరపనస అబద్ధం, మామిడిపండు అబద్ధం అన్నాను. ఆవిడేమందో తెలుసా? "నాకు మొదటి సీసా రోజే తెలుసు. పంపరపనస అని రాస్తూ మీరు ఫోన్ చూసుకున్నారు" అంది. మరి ఎందుకు ఏడ్చావు, ఎందుకు వండావు అంటే, నేను సంతోషపడితే మీరు నాలుగు ముద్దలు తింటున్నారు, అందుకని సంతోషపడ్డాను అంది. నేనేమో ఆవిడ సంతోషం చెడగొట్టకూడదని తిన్నాను. అయిదు నెలలు ఒకే బల్ల దగ్గర ఇద్దరం నటించాం. ఇందులో ఎవరు ఎవర్ని మోసం చేశారో నాకింకా తేలలేదు. నీకు తేలితే రాయి.

సాయంత్రం ఇంట్లో ఉన్నవన్నీ వాసన చూశాం. కాఫీపొడి లేదు. ఇంగువ లేదు. లవంగం లేదు. మళ్ళీ నీ సీసా ఒకటి తీస్తే ఉంది. ఒక్క అదే. పొద్దున లేవగానే భయం వేసి ఇంకోటి తీశాను. ఉంది. స్పెషలిస్టుకి ఫోన్ చేస్తే, ముక్కు ఏదో ఒక తలుపు తీసిందంటే మంచిదే, రోజూ అదే చూస్తుండండి, కంగారు పడొద్దు, ఎక్కువ ఆశలూ పెట్టుకోవద్దు అన్నాడు.

డజనులో తొమ్మిదే మిగిలాయి. ఇంకా పంపు. ఇదే, అచ్చం ఇదే. పొరపాటున కూడా బాగు చెయ్యకు.

కేశవరావు

---

టూవూంబా
17 ఆగస్టు 2025

బావగారికి,

అచ్చం ఇదే పంపమని ఎంత తేలిగ్గా రాశారండీ. ఓల్డ్ ఫెన్స్‌కి నకలు చెయ్యడానికి ఆర్నెల్లు పట్టింది, అదీ కుదర్లేదు. ఇప్పుడు నేను చేసిన దరిద్రానికే నకలు చెయ్యాలి. దీనికి ఇంటర్నెట్‌లో ఏ పుణ్యాత్ముడూ ఏమీ రాసిపెట్టలేదు.

మీ ఉత్తరం చదివి చాముండి వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. నేను ఏడుస్తోందనుకున్నాను. వెళ్ళి చూస్తే ఫ్రీజర్‌లో ఉన్న నా హాప్స్ అన్నీ తీసి ట్యాంకు అలమరలో పేరుస్తోంది. అవి కొత్తవి, నిన్ననే కొన్నాను. వద్దని అరిచాను. తర్వాత మిగతావి నేనే అందించాను. ఎన్నాళ్ళు పెట్టాలో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. మూడు నెలలు పెడితే మీ ఏడాది అయిపోతుంది.

వేన్ దగ్గరికి వెళ్ళి, బాగా పాడైపోయిన కాస్కేడ్ ఉందా అని అడిగాను. వాడు నన్ను పైకీ కిందకీ చూశాడు. తాజాగా లేదని ఇన్నాళ్ళూ గొడవ పెట్టుకున్నది నువ్వే కదా మేట్ అన్నాడు. మీ సంగతంతా చెప్పాను. నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. హాప్స్ వేడికి ముక్కిపోతే అలా మేజోళ్ళ కంపే వస్తుందట, వాళ్ళ వృత్తిలో అందరికీ తెలిసిన జబ్బేనట. లోపలికి వెళ్ళి గోదాములో వెతికి, తేదీ దాటిన ప్యాకెట్లు అయిదు తెచ్చిచ్చాడు. ఒక్కోటి ఒక్కో రకం, కాస్కేడ్ మాత్రం ఒక్కటే. అవయినా ముక్కాయో లేదో నాకు అనుమానం. ఒకటి కారు డాష్‌బోర్డు మీద పెట్టాను, ఒకటి బాయిలర్ రూములో, ఒకటి ఇంటి పైకప్పు కింద. ఏది ఎక్కడ పెట్టానో రాసుకున్న కాయితం కనపడట్లేదు.

ఇంకో చిక్కు. ఆ కంపు ఒక్క కాస్కేడ్‌దా, గెలాక్సీ కలిసినందువల్లా? గెలాక్సీ మళ్ళీ లేదు. దాని బదులు సిట్రా వేస్తే మీ ముక్కు ఒప్పుకుంటుందా? మంచి బీరుకి బదులు వెతకడం వచ్చు గాని చెడ్డ బీరుకి బదులు ఎలా వెతకాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఎవరు ఎవర్ని మోసం చేశారని కూడా అడిగారు. అక్క చిన్నప్పుడు నేను పలక పగలగొడితే నాన్నకి తెలియకుండా తన పలక నాకిచ్చి, తనే పగలగొట్టానని దెబ్బలు తింది. ఆవిడతో మనం గెలవలేం, ఆ లెక్క వదిలెయ్యండి.

ప్రస్తుతానికి భయం లేదు. ఆ పీపాలోవి ఇంకా ఇరవై రెండు సీసాలు ఉన్నాయి. కంపు కొడుతున్నాయని చాముండి వాటిని పారబొయ్యబోతుంటే మీ ఉత్తరం వచ్చింది. అన్నీ పెట్టెలో సర్దాను. రోజుకొకటి తియ్యకండి, ఒకటి తీసి మళ్ళీ మూత బిగించి వారం వాడుకోండి. పక్కన ఒక చిన్న పొట్లంలో తాజా సిట్రా గుళికలు కూడా పెట్టాను. ఇప్పుడే రాకపోతే రాదు, అలా పక్కన ఉండనివ్వండి. అక్కకి కూడా ఒకసారి చూపించండి, ఆవిడకి నిజంగా మామిడిపండు వస్తుందో లేదో.

నా జలుబు పోయింది. మొన్న గరాజ్‌లోకి వెళ్ళి, అసలు నేను చేసిందేమిటో చూద్దామని ఒక సీసా మూత తీశాను. బావగారూ, మీరు తక్కువే రాశారు. కళ్ళనీళ్ళు తిరిగాయి. మూత పెట్టేశాను. మళ్ళీ తీశాను. పదహారు వందల కిలోమీటర్లు లారీలో కుదుపులు తిని, ఇది మీ ముక్కుకి తెలిసిందంటే, ఇంత మంచి మంచి వాసనలకి తెరుచుకోని ముక్కు దీనికి తెరుచుకుందంటే, అక్కడ డబ్బా మీద కూచుని నేను

చాముండి పిలుస్తోంది, వంశీధర్ లారీ ఆపుకుని రోడ్డు మీద నిలబడ్డాడట, పెట్టె ఇమ్మంటున్నాడు, నేను ఆ కంపు ముందు పెట్టుకుని ఎంతసేపు కూచున్నానో తెలియదు గాని చివరికి చాముండి వచ్చి ఏమిటండీ ఆ మొహం అంటే నేను ఆవిడతో బాగుంది అన్నాను.